లామినేషన్ చేయించిన చీటి

గోదావరిఖని
24 ఫిబ్రవరి 2024

నొప్పి పోయింది బిడ్డా! నడుం నొప్పి పోయింది!

ముందు ఈ మాట కాగితం మీద పడాలని చిరంజీవి అని కూడా రాయకుండా మొదలుపెట్టాను. ఇప్పుడు పద్ధతి ప్రకారం రాస్తున్నాను. చిరంజీవి డాక్టర్ మమతకు బాపు ఆగయ్య దీవించి రాయునది. ఇక్కడ నేను, నిన్ను కన్న మీ అవ్వ క్షేమం. నువ్వు ఆ తమిళ దేశంలో వేళకు తింటున్నావని తలుస్తాను. ఫోన్ చేస్తే నీ గొంతు నాకు డబ్బాలో తుమ్మెద దూరినట్టు వినబడుతుంది. ముప్పై నాలుగేండ్లు బ్లాస్టింగు పక్కన నిలబడ్డ చెవులు, వాటిని ఏమీ అనలేను. అందుకే ఉత్తరం. నువ్వూ ఉత్తరమే రాయి. కాగితం మీదైతే నీ మాట రెండుసార్లు వినవచ్చు.

ఇక అసలు సంగతి. గనిలో పట్టాలు తప్పిన బొగ్గు టబ్బును ఆరుగురం భుజం పెట్టి లేపిన నాటి నుంచి ఈ నడుము నాది కాదని నీకు తెలుసు. నిన్న చౌరస్తా దాకా నడిచాను. ఎక్కడా కూర్చోకుండా! చెప్పు జారితే వంగి తీసుకున్నాను. మీ అవ్వ చూసి, “ఏంది, పెండ్లికొడుకు లెక్క వంగుతున్నవ్? పట్టుకున్నదంటె లేపనీకె నాతోని కాదు” అన్నది. నేను ఇంకోసారి వంగి చూపించాను.

అంతా నీ చీటి మహిమ. మొన్న జనవరిలో నువ్వు మూడు రోజులకు వచ్చి మళ్ళీ రైలుకు బయలుదేరినప్పుడు, బయట ఆటోవాడు హారన్ కొడుతుంటే, నీ పేరు అచ్చువేసిన పుస్తకంలోంచి చింపి రాసిచ్చిన చీటి. పైన డాక్టర్ కొలిపాక మమత అని, కింద నీ డాక్టరు నంబరు, నీ సంతకం. బొగ్గు నింపిన కోల్ ఫిల్లర్ ఆగయ్య బిడ్డ సంతకం! జేబులో మడతలు పడి చిరిగేలా ఉందని జిరాక్సు షాపులో లామినేషన్ చేయించాను. నా సర్వీసు సర్టిఫికెటు పక్కన మేకుకు తగిలించాను. గోలీలు అయిపోయినప్పుడు తీసుకుపోతాను, తెచ్చి మళ్ళీ తగిలిస్తాను. మెడికల్ షాపు సంపత్ మామూలు చీటీల మీద ముద్ర కొట్టి తారీకు వేస్తాడు. దీని మీద ముద్ర నిలవదు, తుడిస్తే పోతుంది. “కాకా, డాక్టరమ్మ బాపువు నువ్వు. నీకు ముద్రేంది, నీది పర్మనెంటు చీటి” అని నవ్వాడు.

మీ అవ్వ వాళ్ళ అన్న రాజం బావ మోకాళ్ళు పట్టుకుని ఏడుస్తుంటే అతనికీ ఇస్తున్నాను. గనిలో ఒక్కడే సద్ది విప్పి తిన్నవాణ్ని మేము మనిషిగా చూసేవాళ్ళం కాదు. ఇప్పుడు మాత్రం ఒక్కణ్నే ఎట్ల మింగుతాను?

ఈ శుభవార్త రాజం బావకు, నస్పూర్‌లో మీ శోభ అత్తకు, సెంటినరీ కాలనీలో మా తమ్ముని కొడుకు తిరుమలకు, పక్కింటి మాణిక్యాంబ గారికి చెప్పేశాను. మిగిలిన వాళ్ళకు నిదానంగా చెబుతాను, ఇప్పుడు నడుస్తున్నాను కదా.

దీవెనలతో,
నడుము నిలిచిన నీ బాపు
ఆగయ్య

—

3 మార్చి 2024

బాపూ,

నీ ఉత్తరం ఓపీ గది బయట నిలబడి చదివాను. నువ్వు రెండోసారి వంగి చూపించిన చోట నవ్వు ఆపుకోలేకపోయాను. అవ్వను అడిగానని చెప్పు.

ఇక్కడ పొద్దున అరవైమంది వస్తారు. మేము చదువుకుంటూ చూసే పిల్ల డాక్టర్లం ముగ్గురం. మోకాలు, నడుము, మెడ, మళ్ళీ మోకాలు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. కుటుంబ వైద్యం అంటే మనిషిని కూర్చోబెట్టి ఇంటి సంగతులన్నీ అడగడం అని మాకు పాఠం చెబుతారు. మూడు నిమిషాల్లో అడగడానికి వీలు కాదు, రాయడానికి వీలవుతుంది. మధ్యాహ్నానికి నా చెయ్యి దానంతటదే రాస్తుంటుంది.

నిన్న ఒక నేతగాడు వచ్చాడు. దవడ క్యాన్సర్. నోరు తెరవలేడు, పలక మీద రాసి చూపిస్తాడు. అతనికి మార్ఫిన్ ఇవ్వాలని పుస్తకం చెబుతుంది. దానికి వేరే ఫారం ఉంది, పెద్ద డాక్టరు సంతకం కావాలి. ఆ పేరు రాయాలంటే నాకు భయం వేసింది. అలవాటు పడితే? ఎవరైనా అడిగితే? తక్కువ మందు రాసి పంపేశాను. దండం పెట్టి వెళ్ళాడు. ఆ దండం నిన్నటి నుంచి నన్ను వదలడం లేదు.

ఒక మాట. నేను నీకు ఐదు రోజులకు పది గోలీలే రాశాను. ఆ చీటి నాకు పోస్టులో పంపెయ్యి. ఎవరికీ గోలీలు ఇవ్వకు. పెద్ద సంగతేమీ కాదు, ఫికర్ చెయ్యకు. కానీ చీటి పంపు.

నిద్ర వస్తోంది, ఇంతటితో ఆపుతాను.

నీ మమత

—

గోదావరిఖని
12 మార్చి 2024

చిరంజీవి డాక్టర్ మమతకు బాపు దీవించి రాయునది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చీటి ఎందుకు అడిగావో నాకు వెంటనే అర్థమయింది. పరీక్షలో చూపించాలి కదా! ఫలానా రోగికి ఫలానా మందు రాశాను, పదకొండేండ్ల నొప్పి పోయింది అని. మాకూ కంపెనీలో ప్రమోషన్ కోసం ఇట్లాంటి కాగితాలు అడిగేవాళ్ళు. కానీ అసలుది మేకు మీది నుంచి తీసి పోస్టులో వెయ్యడానికి మనసు రాలేదు బిడ్డా. దారిలో పోతే? అందుకని కలర్ జిరాక్సు తీయించాను. అసలుకు నకలుకు తేడా తెలియదు, నీ సంతకం నీలంగానే వచ్చింది. ఇందులో పెట్టాను, జాగ్రత్త చేసుకో.

తీయిస్తున్నది తీయిస్తున్నాను కదా అని పన్నెండు తీయించాను. గోలీలు ఇవ్వొద్దన్నావు, నీ మాట మీద నేను ఒక్కరికీ ఇవ్వడం లేదు. చీటీలు ఇచ్చాను, రాజం బావకు కూడా. ఎవరి గోలీలు వాళ్ళే తెచ్చుకుంటారు. మీ శోభ అత్త నాలుగు తీసుకుంది, ఆమె దిక్కు చుట్టాలకు కూడా కావాలట. తిరుమల ఒకటి తీసుకుని, “పెద్దబాపూ, డంపర్ మీద ఎనిమిది గంటలు ఎగిరెగిరి పడుతున్న, అక్కకు దండం పెట్టినన్నని రాయి” అన్నాడు. మాణిక్యాంబ గారు కళ్ళకద్దుకుని, “అన్నయ్య గారూ, మీ అమ్మాయి చేతిలో ధన్వంతరి ఉన్నాడండీ” అన్నారు. కోస్తా వాళ్ళ మాట, ఎంత తియ్యగా ఉంటుంది!

నా సంగతి. రెండు గోలీలు ఆనడం లేదు, నాలుగు వేసుకుంటున్నాను. మధ్యాహ్నం గోలీ ఆలస్యమైతే ఆవులింతలు, ముక్కు కారడం, చెమట, కాళ్ళు కుదురుగా ఉండవు. జ్వరమనుకుంటాను. గోలీ పడగానే ఆ జ్వరం కూడా ఎగిరిపోతుంది! ఒకే గోలీ నొప్పికీ జ్వరానికీ పనిచేస్తున్నదంటే చూడు. ఒక్కటే తిప్పలు, పొద్దున బయటికి పోవడం కష్టంగా ఉంది. మీ అవ్వ పండ్లు కోసి పెడుతూ, “కూసున్న కాడనే కునుకుతున్నడు నీ బాపు, అన్నం గిన్నెల మొకం పెట్టిండు మొన్న” అని రాయమంటున్నది. రాశాను. నవ్వుకో.

నేతగాయన సంగతి చదివి బాధ కలిగింది. ఆయనకూ మన గోలీ రాసిచ్చెయ్యి.

దీవెనలతో,
నీ బాపు

—

19 మార్చి 2024

బాపూ,

ఇది కూర్చుని, నిదానంగా చదువు. అవ్వకు కూడా చదివి వినిపించు.

ఫోన్‌లో అవ్వతో అంతా చెప్పాను. “నువ్వే గద బిడ్డా రాసినవ్. గోడకు నీ సంతకం ఉన్నది. ఫోన్ల మాట నమ్మాల్నా, కాగితం నమ్మాల్నా?” అన్నది. అందుకే కాగితం మీదే రాస్తున్నాను.

నువ్వు నకలు పంపిన చీటి పరీక్ష కోసం అడగలేదు. అది తప్పుగా రాసిన చీటి. రాసింది నేను. నీ నడుము మీద చెయ్యి వేసి చూడలేదు. కాళ్ళలో తిమ్మిరి ఉందా అని అడగలేదు. ఆటో హారన్ కొడుతోంది, నువ్వు గోడ పట్టుకుని నిలబడి నవ్వుతున్నావు, నాకు రైలు పోతుందని తొందర. బరువైన మందు ఒకటి రాసేసి నీ నొప్పి నా కళ్ళ ముందు లేకుండా చేసుకున్నాను. పోయిన ఉత్తరంలో కూడా పెద్ద సంగతి కాదన్నాను. పెద్ద సంగతే. అప్పుడే చెప్పి ఉంటే పన్నెండు జిరాక్సులు అయ్యేవి కావు.

ట్రమడాల్ అనే ఆ మందు నల్లమందు జాతిది. నొప్పిని తీసెయ్యదు, కప్పిపెడుతుంది. వారాల తరబడి వేస్తే ఒంటికి అది లేకుండా గడవదు. నీకు వచ్చేది జ్వరం కాదు బాపూ. ఒళ్ళు గోలీని అడుగుతోంది.

ఒక్కసారిగా మానకు. ఆ మాట గుర్తుంచుకో. ముందు దవాఖానకు పోయి డాక్టరుకు ఈ ఉత్తరం చూపించు. వారానికి ఒక్కొక్కటి తగ్గించమని ఆయన చెబుతాడు.

రాజం మామ మనసు బాగుండక కరీంనగర్ డాక్టర్ దగ్గర వేరే గోలీలు వాడుతున్నాడు కదా. ఆ గోలీలతో ఇది కలిస్తే ఫిట్స్ వస్తాయి. మామ దగ్గర ఉన్న మన గోలీలు ఇవాళే తీసేసుకుని, కరీంనగర్ డాక్టరుకు ఈ సంగతి చెప్పించు. తిరుమల ఇది వేసుకుని డంపర్ ఎక్కకూడదు. చీటీలన్నీ వెనక్కి తీసుకో. అసలుది నాకు పంపు.

నేను రోజూ పదిమందికి ఇట్లాగే రాస్తున్నానని ఇప్పుడు లెక్క తేలింది. అవసరమైన నేతగాడికి రాయడానికి భయపడ్డాను. నీకు మాత్రం భయపడకుండా రాశాను.

నీ మమత

—

గోదావరిఖని
26 మార్చి 2024

మమతకు,

నీ ఉత్తరం అందింది. నల్లమందు అని రాశావు. ముప్పై నాలుగేండ్లు మూడు షిఫ్టులు చేసినవాణ్ని. కల్లు కూడా పండుగకే ముట్టినవాణ్ని. నీ బాపుకు మత్తు అలవాటయిందని కాగితం మీద రాసి, దాన్ని దవాఖానలో చూపించమంటావా? అక్కడ అందరూ నన్ను డాక్టరమ్మ బాపు అంటారు.

నాకు తెలుసు, అక్కడ నీ పైవాళ్ళు ఎవరో నిన్ను తిట్టి ఉంటారు. మంచి పని చేసినవాణ్ని మా ఓవర్‌మన్ కూడా తిట్టేవాడు. భయపడి చీటి వెనక్కి అడుగుతున్నావు. సరే. నా వల్ల నీ ఉద్యోగానికి మచ్చ రావద్దు. నిన్న పొద్దున్నుంచి ఒక్క గోలీ కూడా వెయ్యలేదు. నేనేమీ బానిసను కాదు.

మిగతా వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు.

ఆగయ్య

29 మార్చి

పై ఉత్తరం పోస్టు చెయ్యలేదు. మంచం దిగి పోస్టాఫీసు దాకా పోలేకపోయాను. నాలుగు రోజులుగా ఎముకల్లో చీమలు పాకుతున్నట్టుంది. కళ్ళ నీళ్ళు, వాంతులు. మీ అవ్వ కాళ్ళ మీద కూర్చుంటే గాని కాళ్ళు ఆగడం లేదు. బిడ్డా, నువ్వు చెప్పింది నిజం. ఒక్కసారిగా మానకు అన్నావు, అది కూడా వినలేదు.

రాజం బావ పడిపోయాడు. ఈ పొద్దున చాయ్ హోటల్ ముందర కాళ్ళూ చేతులూ కొట్టుకుని, నోట్లో నురగ వచ్చి, మసులుతున్న చాయ్ గిన్నె మీద పడ్డాడు. దవాఖానలో ఉన్నాడు. ఇంకా తెలివి రాలేదు. నీ ఉత్తరం నా దిండు కింద మూడు రోజులు ఉంది. అందులో అతని పేరు ఉంది. నేను కోపంతో పండుకున్నాను.

—

6 ఏప్రిల్ 2024

బాపూ,

అవ్వ ఫోన్ చేసి చెప్పిన రోజే అక్కడి దవాఖాన డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడాను. నిన్నూ మామ పక్క వార్డులో పడుకోబెట్టారట, మంచిదే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. నీకు గోలీలు మళ్ళీ మొదలుపెట్టి మెల్లగా తగ్గిస్తారు. సిగ్గుపడకు. అది రోగమే, దానికీ వైద్యం ఉంది.

నీ జిరాక్సు పట్టుకుని మా పెద్ద డాక్టరమ్మ దగ్గరకు పోయి అంతా చెప్పాను. దాన్ని తీసుకుని చదివింది. “మందు పేరుకు భయపడుతున్నావు, మనిషిని చూడటం లేదు. అందుకే ఒకరికి ఎక్కువ రాశావు, ఒకరికి అసలు రాయలేదు” అంది. ఆరు నెలలు నేను రాసే ప్రతి చీటీ ఆమె చూస్తుంది. నాకు అది శిక్షలా అనిపించలేదు. ఎవరో బరువు ఒక పక్క పట్టుకున్నట్టు అనిపించింది.

తర్వాత ఇద్దరం నేతగాడి ఇంటికి పోయాం. ఫారం నింపి మార్ఫిన్ ఇచ్చాం. మూడో రోజు పలక మీద రాశాడు, గంజి తాగాను అని.

అలసిపోయాను బాపూ. సెలవు దొరకదు. నువ్వు రాయి. కోపంగా రాసినా సరే.

మమత

—

గోదావరిఖని
21 ఏప్రిల్ 2024

రాజం బావ ఇంటికి వచ్చాడు బిడ్డా! తన కాళ్ళ మీద నడిచి వచ్చాడు! మెడ మీద, చెయ్యి మీద కాలిన గాయాలు ఎండుతున్నాయి. నన్ను చూడగానే, “ఏం బావా, నీ బిడ్డ చీటి ఇంకొకటి ఉన్నదా?” అన్నాడు. మీ అవ్వ చీపురు తీసుకుని అన్న అని కూడా చూడకుండా వెంటపడ్డది. నేను నవ్వాను గాని లోపల ఏడుపే.

చిరంజీవి డాక్టర్ మమతకు బాపు దీవించి రాయునది. చూశావా, ఈసారి కూడా పద్ధతి తప్పాను.

నేను దవాఖాన డాక్టరుకు నీ ఉత్తరం చూపించాను. కుర్రవాడు. రెండుసార్లు చదివాడు. తర్వాత కుర్చీలోంచి లేచి వచ్చి నా నడుము మీద చెయ్యి వేసి, వేలితో ఒక్కొక్క ఎముకా నొక్కి చూశాడు. బిడ్డా, నొప్పి మళ్ళీ వచ్చింది. పాత నొప్పే, అదే చోట. వేడినీళ్ళ కాపడం, గోడ పట్టుకుని చేసే కసరత్తు, మామూలు గోలీలు. నీ గోలీలు రోజుకు నాలుగు నుంచి రెండుకు వచ్చాను. చౌరస్తా దాకా నడవలేను. కరెంటు ఆఫీసు దాకా పోయి కూర్చుని వస్తాను. ఎండలు కూడా ముదిరాయి, కూర్చుంటే అరుగు కాలుతుంది.

వార్డులో పడుకుని మా లాంపు రూము గుర్తు తెచ్చుకున్నాను. గనిలోకి దిగే ప్రతివాడికీ తన నంబరు లాంపు ఇస్తారు. సద్ది పంచుకుంటాం, మంచినీళ్ళు పంచుకుంటాం. లాంపు మాత్రం ఎవడిది వాడిదే, అన్నదమ్ములైనా మార్చుకోరు. షిఫ్టు దిగాక ఒక్క లాంపు తిరిగి రాకపోయినా ఎవడో లోపల ఉన్నట్టు లెక్క, వెతకడానికి మళ్ళీ దిగాల్సిందే. ఇన్నేండ్లు ఆ పద్ధతిలో బతికి, నీ చీటిని సద్ది అనుకున్నాను. అది లాంపు.

అందుకే మళ్ళీ దిగాను. మొదట తిరుమల. రెండో షిఫ్టుకు పోతుంటే గేటు దగ్గర బండికి అడ్డం నిలబడ్డాను.

“పెద్దబాపూ, డ్యూటీకి లేటయితంది, జరుగు.”

“జేబుల ఉన్నది తియ్యి. అప్పుడు జరుగుత.”

“నువ్వే ఇచ్చినవ్ గద!”

“ఇచ్చిన. ఇప్పుడు గుంజుకుంటున్న. కునుకు తీసుకుంట డంపర్ నడుపుతవా?”

నలుగురు చూస్తున్నారు. తల వంచుకుని చీటీ, సగం పట్టీ గోలీలు నా చేతిలో పెట్టాడు. ఆ రోజు నాగా పెట్టి నా వెంట దవాఖానకు వచ్చాడు. మాణిక్యాంబ గారు ఇచ్చేశారు గాని, “మా అన్నయ్యకు వాట్సాప్‌లో ఫొటో పంపానండీ, ఏమీ అనుకోకండి” అన్నారు. సంపత్ దగ్గరకు పోతే, “మీరు తెచ్చిన్రు, నేనిచ్చిన. నన్నేమంటవ్ కాకా?” అన్నాడు. నీ నంబరు రాసిన చీటి ఇక ఎవరు తెచ్చినా ఇవ్వనని మాత్రం మాట తీసుకున్నాను.

పన్నెండులో ఒకటి నీ దగ్గర ఉంది. రాజం బావది, పంచకుండా మిగిలినవి కలిపి నా చేతికి ఆరు వచ్చాయి. ఐదు ఇంకా లోపల ఉన్నాయి.

అసలు చీటీ చింపాలని చూశాను. లామినేషన్ చినగదు బిడ్డా. మీ అవ్వ కత్తెరతో కోశాను. మందు పేరు, నీ నంబరు, సంతకం ఉన్న ముక్క ఇందులో పెట్టి పంపుతున్నాను. పైన డాక్టర్ కొలిపాక మమత అని ఉన్న ముక్క నేను ఉంచుకున్నాను. అది మేకుకు నిలవడం లేదు, సర్టిఫికెటు మూలలో దూర్చాను. మందు నీ దగ్గర ఉండనీ. పేరు నా దగ్గర ఉంటుంది.

నువ్వు తప్పు తప్పు అని అన్నిసార్లు రాయకు. నేతగాయన గంజి తాగాడన్నావు. ఆ మాట ఇక్కడ అందరికీ చదివి వినిపించాను.

ఇంకా చెప్పవలసిన వాళ్ళ పేర్లు మరిచిపోకుండా ఇక్కడ రాసుకుంటున్నాను. నువ్వు కూడా ఫోన్ చెయ్యి, కానీ కాగితం కూడా పంపు, సంతకంతో. మా వాళ్ళు దాన్నే నమ్ముతారు.

నస్పూర్‌లో శోభ. ఇంకోసారి. తల ఊపింది గాని ఒక్కటే తిరిగి ఇచ్చింది.

మందమర్రిలో శోభ తోడికోడలు.

బెల్లంపల్లిలో ఆ తోడికోడలు వియ్యపురాలు. పేరు తెలియదు, ఇల్లు వెతకాలి.

శోభ పెద్దల్లుడు. ఆటో నడుపుతాడు, ముందు ఇతనికే చెప్పాలి.

నా చిన్న బామ్మర్ది, మంథని. రెండు తీసుకుపోయాడు.

ఒంగోలులో మాణిక్యాంబ గారి అన్న. తియ్యటి మాటలతో ఒక ఉత్తరం.

రాజం బావ. నవ్వుతూనే అడిగాడు గాని అడిగాడు.

చివరికి మీ అవ్వ. నా గోలీలు బియ్యం డబ్బాలో దాచి రోజుకు రెండే ఇస్తున్నది. నేను ఎంత బతిమాలినా, తిట్టినా, మూడోది ఇవ్వొద్దని ఆమెకు రోజూ చెప్పాలి. పొద్దున, నేను బాగున్నప్పుడే, నేనే చెబుతున్నాను.